అమ్మ చాటున ఎన్నాళ్లు?

"విశాఖపట్నంలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. నాన్న తాపీ మేస్త్రి. నెలకు 7,500 పంపుతారు. అందులో 5,500 ప్రైవేటు హాస్టలుకే కట్టాలి. ఇరవయ్యో తేదీకల్లా చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు అమ్మకు ఫోన్ చేస్తే నాన్నకు తెలియకుండా వెయ్యో రెండు వేలో వేయిస్తుంది. అవి డ్వాక్రా అప్పులోంచి తీసి పంపుతోందని ఈ మధ్యే తెలిసింది. ఖర్చులు రాసుకోవడానికి ఫోనులో యాప్ పెట్టుకున్నాను గానీ పది రోజులకే మానేశాను. అప్పిచ్చే యాప్ ఒకటి ఉందని మిత్రుడు చెబుతున్నాడు. 50-30-20 పద్ధతి మంచిదంటున్నారు. నేను ఏది పాటించాలి?"

ఏదీ వద్దు. సగం అవసరాలకు, 30 శాతం ఇష్టాలకు, 20 శాతం పొదుపుకు అనే ఆ లెక్క నెల జీతం అందుకునేవాళ్లది. నీకొచ్చే దానిలో 73 శాతం హాస్టలుకే పోతోంది. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్నతో ఒక్క మాట మాట్లాడినట్టు ఎక్కడా లేదు. సంపాదించేది ఆయన, నువ్వు అడిగేది అమ్మను, ఆయన దగ్గర దాచేది మీరిద్దరూ. పదో తరగతి పిల్లవాడు "అమ్మా, నాన్నతో నువ్వే చెప్పవా" అంటే ముచ్చటగా ఉంటుంది. ఇరవై దాటినవాడు అమ్మ కొంగు వెనక నిలబడి డబ్బు అడగడం నాకు నచ్చదు. నువ్వు ఇంకో అడుగు ముందుకేసి ఆవిడను సొంత ఇంట్లోనే దొంగచాటుగా బతికేలా చేశావు.

డ్వాక్రా అప్పు ఎలాంటిదో పల్లెలో పెరిగిన నీకు తెలియనిది కాదు. సంఘంలోని ఆడవాళ్లందరూ ఒకరికొకరు పూచీ. మీ అమ్మ ఒక్క వాయిదా తప్పితే తోటివాళ్ల చేత మాట పడాలి, బ్యాంకులో సంఘం పేరు చెడుతుంది. ఆ సంగతి వీధిలో మీ నాన్న చెవిన పడిన రోజు ఆవిడ ఒక్కతే సమాధానం చెప్పుకోవాలి. నువ్వు విశాఖలో ఉంటావు.

హాస్టలు పోను మిగిలేది 2,000, అంటే రోజుకు 66 రూపాయలు. టీ, బస్సు, జెరాక్సు, సబ్బు, అన్నీ అందులోనే. అది చాలకపోవడం నీ తప్పు కాదు. చాలడం లేదని నాన్నకు చెప్పకపోవడం తప్పు. పొద్దంతా ఎండలో గోడలు కట్టే మనిషికి తన ఇంట్లో ఎంత అప్పు ఉందో తెలుసుకునే హక్కు ఉంది.

కాగితం తీసుకుని నెల లెక్క కాకుండా ఏడాది లెక్క వేయి. 28 రోజుల రీచార్జి ఏడాదికి 13 సార్లు వస్తుంది. రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజులు, రికార్డులు, దసరాకూ సంక్రాంతికీ ఊరి ప్రయాణం ఉంటాయి. ఇలాంటివి నెలనెలా కనబడవు, వచ్చినప్పుడు మాత్రం అమ్మ మీద పడతాయి. స్నేహితుల పుట్టినరోజులకు పెట్టేది ఉంటే అదీ దాచకుండా రాయి. చేతి ఖర్చు ఆదివారం ఆదివారం నోట్లుగా తీసుకో. ఫోనుతో కట్టేటప్పుడు డబ్బు కరగడం కంటికి కనబడదు.

అప్పు యాప్ జోలికి పోకు. ఫోనులోని నంబర్ల జాబితా ఆ యాప్‌లు చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టినా, దాన్ని లెక్కచేయనివాళ్ల చేతిలో పడితే మొదటి ఫోను మీ అమ్మకే వెళుతుంది.

ఆ కాగితంతో ఈ శనివారమే ఊరికి వెళ్లు. రాత్రి నాన్న భోజనం చేసి కూర్చున్నాక నువ్వే చెప్పు, అమ్మ చేత చెప్పించకు. "అమ్మను అడిగింది నేనే" అన్న మాటతో మొదలుపెట్టు. కోప్పడతారు, పడనీ. ఆ కోపం అమ్మ మీదికి మళ్లకుండా నువ్వు అక్కడే నిలబడాలి. ఇంతకు మించి పంపలేనని ఆయన అంటే, సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు ట్యూషన్ చెప్పు. ఎమ్మెస్సీ చదివేవాడికి అది చేతకాని పని కాదు.

అప్పు ఎంత, వాయిదా ఏ తేదీన, ఇంకా ఎన్ని మిగిలాయి? అమ్మకు ఇవాళే ఫోన్ చేసి అడుగు. ఈసారి డబ్బు అడగకు. ఆవిడ చెప్పింది ఆ కాగితంలో మొదటి వరుసలో రాయి.