స్లీవ్ సర్జరీ తర్వాత ఆకలి లేకున్నా తిండి మీదే ధ్యాస: నా అనుభవం

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీ అయి ఏడు వారాలైందని, ఆకలి అసలు వేయట్లేదని, అయినా ఇంట్లో వాళ్లు తింటుంటే ఏడుపొస్తోందని రాశారు. అత్తమ్మ ఇంకో ముద్ద తినమంటే కాదనలేకపోతున్నానని, జీవితమంతా ఇలాగే ఉంటుందా అని కూడా అడిగారు. ఇలాగే ఉండదండి. మిగతా సంగతుల కంటే ముందు ఆ మాట చెప్పాలి. నాకు ఇదే సర్జరీ ఇక్కడ హైదరాబాదులోనే అయింది, ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. మల్కాజిగిరిలో ఉంటాం, ఇంట్లో వంట నాదే. నేను రాసేది నా అనుభవం, మా సర్జన్, డైటీషియన్ దగ్గర నేర్చుకున్న విషయాలు. మందులు, మోతాదుల సంగతి మాత్రం మీ డాక్టరుతోనే తేల్చుకోండి.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం లాంటి భాగం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన పైభాగంలోనే. అందుకే మొదటి నెలల్లో చాలామందికి ఆకలి మాయమైనట్టు ఉంటుంది. కానీ సాయంత్రం ఐదయ్యేసరికి టీతో ఏదో ఒకటి నమలాలనిపించడం, ఆఫీసులో టెన్షన్ పడ్డ రోజు మిర్చి బజ్జీ బండి దగ్గర కాళ్లు ఆగిపోవడం, ఆదివారమంటే బిర్యానీయే అనుకోవడం, ఇవి ఏళ్ల తరబడి మనసులో పేరుకున్న అలవాట్లు. ఆపరేషన్ వాటిని ముట్టుకోదు. కడుపు ఒక్క రోజులో చిన్నదైంది, మనసుకు ఆ సంగతి ఇంకా అందలేదు. మీరు పడుతున్న బాధంతా ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోదే.

ఏడుపు గురించి మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు. సిగ్గెందుకండీ? పుట్టినరోజైనా, పరీక్ష పోయినా, ఇంటికి చుట్టం వచ్చినా మనకు తిండే తోడు. అలాంటి తోడు ఉన్నట్టుండి దూరమైతే ఎవరికైనా దుఃఖం వస్తుంది. నాకూ వచ్చింది. ఇంటిల్లిపాదికీ పప్పు తాలింపు వేసి, ఆ వాసన పీల్చుకుంటూ, నా వంతు పప్పుకట్టు గ్లాసు పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఆ వారాల్లో మా ఆయన పిల్లలతో కలిసి ముందు గదిలో తినేవాడు. నేనే అడిగాను అలా. మీరూ అడగండి. కొన్నాళ్లు వేరే గదిలో తినమని ఇంట్లో వాళ్లను కోరడం తప్పేమీ కాదు. అయితే రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే దాన్ని తిండి బెంగ అని వదిలేయకండి. ఈ సర్జరీ తర్వాత కొందరికి డిప్రెషన్ వస్తుంది, దానికి వైద్యం ఉంది. మీ డాక్టరుకు చెప్పండి, లేదా ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఇప్పుడు అత్తమ్మ సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. మన ఇళ్లలో ప్రేమ చూపించడమంటే కొసరి కొసరి వడ్డించడమే. వద్దంటే మొహమాటం అనుకుంటారు, మళ్లీ వద్దంటే కోపమొచ్చిందనుకుంటారు. మా అమ్మ వరంగల్ నుంచి నన్ను చూడటానికొచ్చి, నా చిన్న గిన్నె చూసి, "ఇంత తింటే ఎట్ల బతుకుతవు బిడ్డా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి నాతో పాటు డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. డైటీషియన్ మా అమ్మకు ఓపికగా చెప్పింది: ఈ కడుపుకు చాలు అన్న తర్వాత పడే ఒక్క ముద్ద బలం ఇవ్వదు, వాంతి తెప్పిస్తుంది అని. పెద్దవాళ్లు కూతురి మాట, కోడలి మాట వినకపోయినా తెల్లకోటు మాట వింటారు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కు అత్తమ్మను వెంట తీసుకెళ్లండి.

అంతకంటే పనికొచ్చింది ఇంకొకటుంది. వద్దు అని మాత్రమే అంటే వాళ్ల చేతులు ఖాళీ అయిపోతాయి, అప్పుడే బాధపడతారు. అందుకని అమ్మకు పని అప్పగించాను. పెసరకట్టు ఆమె చేతిది నాకు ఇష్టం, అది పలచగా చేసిపెట్టమన్నాను. కొర్రమీను తెప్పించి, కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, మెత్తగా చిదిమి ఇవ్వమన్నాను. గుక్కగుక్కగా తాగడానికి పలచటి మజ్జిగ చేసి సీసాలో పోసిపెట్టేది. ఇప్పుడు ఫోన్ చేస్తే "తిన్నావా" అని అడగదు, "గుడ్డు తిన్నావా, నీళ్లు తాగినవా" అంటుంది. అదే ప్రేమ, పెట్టే వస్తువు మారిందంతే. మీ అత్తమ్మ చేతికీ ఇలాంటి పని ఏదో ఒకటి ఇచ్చి చూడండి.

ఆ "ఇంకో ముద్ద"ను నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. చాలు అని కడుపు చెప్పే పద్ధతి ఇప్పుడు మారిపోయింది. కొందరికి ఎక్కిళ్లు వస్తాయి, కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి గుండెల్లో ఏదో పట్టేసినట్టు ఉంటుంది. నాకు ముక్కు కారడం. అది కనబడగానే చెంచా కింద పెట్టేయాలి, గిన్నెలో రెండు చెంచాలే మిగిలినా సరే. పారేయడానికి మనసొప్పకపోతే ముందే తక్కువ పెట్టుకోండి. చిన్న చెంచా వాడండి, ప్రతి ముద్దా నోట్లోనే గుజ్జయ్యేదాకా నమలండి, ఇరవై నిమిషాలకు తగ్గకుండా తినండి. నీళ్లు భోజనంతో కలిపి తాగొద్దు, తిన్న తర్వాత అరగంట ఆగండి. మిగతా సమయమంతా కొంచెం కొంచెంగా తాగుతూనే ఉండాలి, రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు. ఈ సర్జరీ అయినవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడానికి ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒక ముఖ్య కారణం. మన ఊరి మే నెల ఎండల్లో అయితే దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు.

వాంతులు అప్పుడప్పుడు అయితే తిన్న పద్ధతి చూసుకోవాలి. రోజూ అవుతుంటే ఆగకండి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఎడతెగని వాంతులతో శరీరంలో బి1 విటమిన్, అంటే థయమిన్, త్వరగా అడుగంటుతుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనబడటం మొదలైతే అది ఎమర్జెన్సీ. ఆలస్యమైతే నరాలు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

తినాలనే కోరికకు, నిజమైన ఆకలికి తేడా తెలుసుకోవడానికి మా డైటీషియన్ చెప్పిన చిట్కా నేను ఇప్పటికీ వాడతాను. ఏదైనా తినాలనిపించినప్పుడు, ఉడికించిన గుడ్డు ఇస్తే తింటానా అని నన్ను నేనే అడుగుతాను. తింటాననిపిస్తే ఆకలే. గుడ్డు వద్దు, ఉస్మానియా బిస్కెట్టే కావాలి అనిపిస్తే అది వేరే ఏదో. అలసట కావచ్చు, విసుగు కావచ్చు, ఎవరితోనైనా మాట్లాడాలనే కోరిక కావచ్చు. నాకు ఎక్కువసార్లు అలసటే. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి పావుగంట పడుకుంటే ఆ కోరిక చాలావరకు పోయేది. టీ టైములో మా వీధిలో ఇద్దరితో కలిసి పార్కులో నడవడం మొదలుపెట్టాను. టీ కంటే ఆ కబుర్లే నాకు కావలసినవని అక్కడే తెలిసింది.

ఇక్కడ హైదరాబాదు వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. స్లీవ్ తర్వాత గట్టి ఆహారం, అంటే ముక్క, పనీర్, గుడ్డు, కొంచెం తినగానే ఆపేస్తుంది. మెత్తగా జారిపోయేవి ఆపవు. ఇరానీ చాయ్‌లో ముంచిన బిస్కెట్లు, డబుల్ కా మీఠా, ఖుబానీ మీద వేసిన ఐస్‌క్రీమ్, రంజాన్ నెలలో హలీమ్, ఇవన్నీ కడుపు అడ్డు చెప్పకుండా లోపలికి పోతాయి. హలీమ్‌లో మాంసం ఉంది కదా, ప్రొటీనే కదా అనుకుంటాం. గోధుమ, నెయ్యి కూడా దానితో పాటే వస్తాయి, పైగా అది రుబ్బి మెత్తగా చేసింది కాబట్టి ఎంత తిన్నామో తెలియదు. ఒకటి రెండేళ్ల తర్వాత బరువు మళ్లీ పెరిగినవాళ్లు నాకు తెలిసినంతలో విందు భోజనాలతో పెరగలేదు, రోజూ ఇలా జారిపోయే చిరుతిళ్లతో, తియ్యటి టీలతో పెరిగారు.

ప్రొటీన్ మాత్రం పట్టుబట్టి తినాలి. రోజుకు కనీసం 60 గ్రాములు అని చెబుతారు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18, గ్లాసు పాలలో 6 నుంచి 7 ఉంటాయి. ఉడికిన పప్పు చిన్న గిన్నెడు తింటే ఆరేడు గ్రాములకు మించదు. కాబట్టి ఏడో వారంలో తిండితోనే 60 దాటడం కష్టం, డైటీషియన్ రాసిన పౌడర్ మానకండి. పప్పన్నం తింటే బలం అని ఇంట్లో అంటారు, కానీ ఇంత చిన్న కడుపులో అన్నం ముందు పడితే పప్పుకు చోటుండదు. ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. ఆ వరస నేను ఇప్పటికీ మార్చలేదు.

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలొచ్చు, ముందే చెబుతున్నాను. దువ్వెన చూసి భయపడకండి. ఒక్కసారిగా బరువు తగ్గినందుకు శరీరం చూపించే స్పందన అది. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందుతుంటే చాలామందికి తిరిగి వస్తుంది. నాది ఏడాదికి మామూలైంది.

విటమిన్ మాత్రలు జీవితాంతం. బాగానే ఉన్నాం కదా అని మానేసేవాళ్లను చూశాను, చాలా బాధేస్తుంది. మాంసం తిననివాళ్లకు బి12 మరీ ముఖ్యం. కాల్షియం, ఐరన్ ఒకేసారి మింగితే కాల్షియం ఐరన్‌ను సరిగ్గా ఒంటబట్టనివ్వదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఇంకో మాట, ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఇచ్చేస్తారు. అవి ఈ కడుపులో పుండ్లు పడేలా చేయగలవు. మీ సర్జన్‌ను అడగకుండా ఏ నొప్పి మాత్రా వేసుకోవద్దు.

పెళ్లయి రెండేళ్లైందని, పిల్లల గురించి ఇంట్లో అడుగుతున్నారని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. ఇది తప్పక పట్టించుకోవాల్సిన సంగతి. సర్జరీ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం వద్దంటారు, ఎందుకంటే బరువు వేగంగా తగ్గుతున్న కాలంలో బిడ్డకు కావలసిన పోషకాలు అందకపోవచ్చు. బరువు తగ్గేకొద్దీ, ముఖ్యంగా పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లకు, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఇప్పుడే గైనకాలజిస్టును కలిసి తగిన పద్ధతి అడగండి. ఈ విషయం అత్తమ్మకు మీ ఆయనే చెప్పాలి, మీరు కాదు.

షార్ట్‌కట్‌లో తగ్గావు అనే బంధువులకు నేను జవాబు ఇవ్వడం మానేశాను. బీపీ మాత్ర ఆగింది, మోకాళ్లు నొప్పి లేకుండా మెట్లెక్కుతున్నాను, నాకది చాలు.

ఇక జీవితాంతం ఇలాగేనా అన్న మీ ప్రశ్నకు. నేను ఇప్పుడు బిర్యానీ తింటాను. ముందు ముక్క, కొంచెం పెరుగు చట్నీ, ఆఖరున నాలుగైదు చెంచాల అన్నం. బోనాలకు లాల్ దర్వాజాలో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్తే అందరితో పాటు బంతిలో కూర్చుంటాను, తలకాయ కూర రుచి చూస్తాను, మిగిలింది డబ్బాలో పెట్టిస్తుంది. రుచి పోలేదండి, ఇంకా పెరిగింది. ఇదివరకు మొదటి నాలుగు ముద్దలు ఎలా ఉన్నాయో చూసుకోకుండానే ప్లేటు అయిపోయేది. ఇప్పుడు ఉన్నవే ఆ నాలుగు, కాబట్టి ఉప్పూ కారం అన్నీ తెలుస్తున్నాయి. ఆకలి కూడా కొంత తిరిగి వచ్చింది, నాకు ఏడాది దాటాక. అది వచ్చేలోపు ఈ అలవాట్లు కుదురుకోవాలి, మీకు ఇప్పుడు దొరికిన ఈ నెలలు అందుకే విలువైనవి.

మూడో నెల చెకప్‌లో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, విటమిన్ డి పరీక్షలు రాశారో లేదో చూసుకోండి, రాయకపోతే అడగండి. కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తుంటే అదీ చెప్పండి, వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు పడే వీలుంది. రిపోర్టులు వచ్చాక తిండి విషయంలో ఏమైనా సందేహముంటే ఇక్కడే రాయండి, నాకు తెలిసినంత చెబుతాను. పెసరకట్టు పలచగా ఎలా చేయాలో కావాలంటే అమ్మను అడిగి రాస్తాను.