కొత్త టేబుల్, పాత చేతులు

ఆటల ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఫూస్‌బాల్‌లో, అదే రాడ్లకి బిగించిన బొమ్మలతో బల్ల మీద ఆడే ఫుట్‌బాల్‌లో, నేనూ నా పార్ట్‌నరూ రెండేళ్లుగా మా ఫ్లోర్‌లో ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు. ఇంకో పన్నెండు రోజుల్లో వేరే కంపెనీ ఆఫీసులో డబుల్స్ టోర్నమెంట్ ఉంది. మొన్న వెళ్లి వాళ్ల టేబుల్ చూసొచ్చాం. సరికొత్తది. మా టేబుల్‌కి గోల్ దగ్గర ఒక్క బొమ్మే ఉంటుంది, దానికి మూడున్నాయి. రాడ్ ముట్టుకుంటే చాలు, జర్రున జారిపోతోంది. బంతి గరుగ్గా ఉంది. బంతిని బొమ్మ కాలికింద నొక్కిపట్టి, పక్కకి లాగి కొట్టే షాటే నా బలం. అక్కడ పదిసార్లు ప్రయత్నిస్తే ఏడుసార్లు బంతి నొక్కగానే పక్కకి చిమ్మేసింది. పార్ట్‌నరేమో ‘అలవాటు లేని టేబుల్ మీద గిరగిరా తిప్పెయ్యడమే మేలు’ అంటున్నాడు. మళ్లీ ప్రాక్టీసుకి రానివ్వరు. పోటీ రోజు పది నిమిషాలు వార్మప్ ఇస్తారట. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. తప్పుకోవడం మంచిదా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పుకోకండమ్మా. ముందు మీ పార్ట్‌నర్ సంగతి తేల్చేద్దాం. బంతిని తాకకముందు గానీ తాకాక గానీ రాడ్ 360 డిగ్రీలు దాటి తిరిగితే అంతర్జాతీయ నిబంధనల్లో అది ఫౌల్. అలా కొట్టిన గోల్ లెక్కలోకి రాదు. మన ఆఫీసుల్లో పెరుగన్నం తినొచ్చి రాడ్లు గిరగిరా తిప్పేవాళ్లే ఎక్కువ కాబట్టి అదే ఆట అనుకుంటాం. ఈ రాత్రికే నిర్వాహకులకి మెయిల్ పెట్టి ఏ నిబంధనలతో ఆడిస్తున్నారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. టేబుల్ కంటే ముందు తెలుసుకోవాల్సింది అదే. ఎందుకంటారా? దానివల్ల నా పరువు పోయింది కాబట్టి.

2008లో జర్మనీలోని కార్ల్స్‌రూయేలో పనిచేసేవాణ్ణి. అక్కడ ఈ ఆటని ‘కికర్’ అంటారు. మా ఆఫీసు సెల్లార్‌లో లియోన్‌హార్ట్ కంపెనీ టేబుల్ ఒకటి ఉండేది. రెండు చలికాలాలు దాని మీదే సానపట్టి, ఇక నాకు తిరుగులేదనుకున్నాను. ఒక శనివారం నలుగురం కలిసి రైన్ నది దాటి ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బూర్గ్‌కి పోటీకెళ్లాం. ఫ్రెంచి వాళ్లు దీన్ని ‘బేబీఫుట్’ అంటారు. అక్కడున్నది బోంజీనీ టేబుల్. కింద మెత్తటి లినోలియం, చేతికి తేలిగ్గా తగిలే కార్క్ బంతి, అల్యూమినియం బొమ్మలు. రాడ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరే రకం, అవతలి వైపుకి పొడుచుకురావు. మా టేబుల్ మీద టకటకా మోగే ఆట అక్కడ గుసగుసల్లా సాగుతోంది. మొదటి ఐదు నిమిషాల్లో నేను పట్టిన బంతి ఒక్కటీ నా దగ్గర ఆగలేదు. చివరికెలాగో మధ్యలో ఉన్న ఐదు బొమ్మల రాడ్ నుంచి బలంగా బాదితే గోల్‌లో పడింది. చేతులెత్తి గంతులేశాను. ఎదుటి ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. మధ్య రాడ్ నుంచి కొట్టిన గోల్ ఆ కెఫేలో చెల్లదట! 10-2తో ఇంటిదారి పట్టాను.

కానీ ఆరోజే ఒకటి కళ్లారా చూశాను. మాతో వచ్చిన ఓ పెద్దాయనకీ ఆ టేబుల్ కొత్తే. మేమంతా వార్మప్‌లో గోల్ మీద గోల్ కొట్టడానికి తంటాలు పడుతుంటే, ఆయన ఒక్క షాటూ కొట్టలేదు. బంతిని పక్కగోడకేసి మెల్లగా వదలడం, తిరిగొస్తుంటే పట్టడం, మళ్లీ వదలడం. ఇదే పని. చూస్తే మాకు విసుగొచ్చింది. ఆయన సెమీఫైనల్ దాకా వెళ్లాడు.

కొత్త స్టవ్ మీద పాలు పెట్టి పక్కకెళితే ఏమవుతుందో తెలుసుగా? పాలూ అవే, గిన్నే అదే. మంట ఎంతో తెలీదు, అంతే. మీ సమస్యా అదే. చెయ్యి చెడిపోలేదు, కొలతలు మారాయి. ఏవి మారాయో విడివిడిగా చూద్దాం.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది అమెరికాలో ఎక్కువగా ఆడే టోర్నడో తరహా టేబుల్ అయ్యుండాలి. దానికి గోల్ దగ్గర మూడు బొమ్మలు కాబట్టి ఒక్కో జట్టుకి 13 బొమ్మలు. మీ టేబుల్ మీద 11. ఒక్క గోలీ (గోల్ కాసే బొమ్మ) ఉండే టేబుళ్లలో చాలావాటికి మూలలు కాస్త ఎత్తుగా ఉంటాయి, మూలకి పోయిన బంతి దానంతటదే దొర్లి బయటికొస్తుంది. మూడు గోలీల టేబుల్‌కి మూల చదును. అక్కడ ఆగిన బంతిని చివరి బొమ్మతో మీరే లాక్కోవాలి. మొదట్లో చాలామంది బంతి వస్తుందని చూస్తూ నిలబడిపోతారు. కంగారులో ఆ చివరి బొమ్మకి తగిలించి సొంత గోల్ వేసుకునేవాళ్లూ ఉంటారు. వెనక ఆడేది మీ పార్ట్‌నర్ అయితే ఆయన వార్మప్ అంతా ఈ మూల దగ్గరే గడవాలి.

ఇంకోటి, మీరు గమనించారో లేదో. ఆ తరహా బొమ్మల తలకీ కాళ్లకీ బరువు సమంగా ఉంటుంది. మన ఆఫీసు టేబుళ్లలో రాడ్ వదిలేస్తే కాళ్లు కిందికి వేలాడతాయి. అక్కడ బొమ్మని ఏ కోణంలో వదిలితే అలాగే ఉండిపోతుంది. దీనివల్ల లాభమూ ఉంది: వెనకనుంచి మీ పార్ట్‌నర్ కొట్టేటప్పుడు మీ ముందు రాడ్ బొమ్మల్ని అడ్డంగా పైకి లేపి ఉంచితే, చెయ్యి వదిలినా దారికి అడ్డం రావు. నష్టం ఏంటంటే, లేపినవి లేపినట్టే మర్చిపోతే బంతి వాటి కింద నుంచి దర్జాగా వెళ్లిపోతుంది. రాడ్ వదిలే ముందు కాళ్లు దింపాలని రేపట్నుంచే మీ పాత టేబుల్ మీద అలవాటు చేసుకోండి. దానికి కొత్త టేబుల్ అక్కర్లేదు.

ఇక మీ షాట్. బంతి ఎందుకు చిమ్ముతోంది? మీ ఆఫీసులోది నున్నటి ప్లాస్టిక్ బంతి అనుకుంటాను. అది జారుతుంది కాబట్టి రెండేళ్లుగా గట్టిగా నొక్కడం నేర్చుకున్నారు. గరుకు బంతికి పట్టు దానికే ఉంది. అంత బలంగా అదిమితే చేతిలో తడిసిన సబ్బులా ఎగిరిపోతుంది. బలం సగానికి తగ్గించండి. బొమ్మ కాలు బంతి మీద ఊరికే ఆనినట్టుండాలి. పిడికిలి కూడా వదులు చెయ్యండి. టెన్షన్ పడితే మొదట బిగిసేది పిడికిలే. రాడ్ జారిపోతోందన్నారు, దానికీ మందు ఇదే. తుప్పుపట్టిన రాడ్లతో కుస్తీపట్టిన మోచెయ్యి కొత్త రాడ్ మీద అవసరానికి మించి తోస్తుంది. మణికట్టుతో ఆడండి.

ఈ పన్నెండు రోజుల్లో చెయ్యగలిగింది చాలానే ఉంది. టోర్నమెంట్ రకం బంతులు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. లేదంటే పాత బంతిని సన్న ఎమెరీ పేపర్‌తో రుద్దితే కొంత పట్టు వస్తుంది. మీ రాడ్లు శుభ్రంగా తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి, వేగం పెరుగుతుంది. అప్పుడు మీ టేబులే మీకు సగం కొత్తదవుతుంది. స్నేహితుల ఆఫీసుల్లో, గేమింగ్ కెఫేల్లో ఎక్కడ టేబుల్ కనిపిస్తే అక్కడ ఆడండి. అది ఎలాంటిదైనా ఫర్వాలేదు. నేర్చుకోవాల్సింది ఒక టేబుల్‌ని కాదు, ఐదు నిమిషాల్లో టేబుల్ మారడాన్ని. ఫోన్‌లో టైమర్ కూడా పెట్టుకోండి. నిబంధనల ప్రకారం ఐదు బొమ్మల రాడ్ దగ్గర బంతిని 10 సెకన్లు, మిగతా రాడ్ల దగ్గర 15 సెకన్లు మించి ఉంచుకోకూడదు. ఆఫీసులో ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి మీకు ఇది కొత్తగా ఉంటుంది.

పోటీ రోజు ఆ పది నిమిషాల్లో గోల్స్ కొట్టే పని పెట్టుకోవద్దు. ముందు బంతిని నాలుగైదు చోట్ల కదలకుండా నిలబెట్టి చెయ్యి తియ్యండి. ఎటు దొర్లితే అటు వాలు. మీ ముందు రాడ్ దగ్గర ఏ వైపుకి వాలిందో గుర్తుపెట్టుకుంటే, షాట్‌కి సిద్ధమయ్యేటప్పుడు బంతి ఎందుకు పారిపోతోందని తికమకపడరు. మా పాత ఆఫీసులో టేబుల్ కాలు కింద ఎప్పుడూ మడిచిన విజిటింగ్ కార్డు ఒకటుండేది. దాన్ని తీసేసిన రోజు ఇద్దరు చాంపియన్లు ఓడిపోయారు! తర్వాత ఆ పెద్దాయన చేసిన పని: ఐదు బొమ్మల రాడ్ నుంచి గోడ వెంబడి ముందుకి పాస్, పట్టడం, మళ్లీ పాస్. బంతిని రాసుకుంటూ వంపు తిప్పే పాస్ గరుకు బంతితో మీరనుకున్న దానికంటే ఎక్కువ వంగుతుంది. అది ఆ రోజుకి పక్కన పెట్టండి. గోడని నమ్ముకున్న పాస్ ఏ టేబుల్ మీదైనా దాదాపు ఒకేలా పోతుంది. చివరి రెండు నిమిషాలు మీ షాట్‌కి. పదిలో ఆరు పడితే మ్యాచ్‌లో అదే ఆడండి. పడకపోతే నొక్కిపట్టడం మానేసి, బంతిని పక్క బొమ్మ ముందుకి జరిపి సూటిగా కొట్టే మామూలు షాట్‌కి దిగిపోండి. చిన్నతనంగా అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ టేబుల్ అవతలి జట్లలో చాలామందికీ కొత్తే. బంతిని ఆపడమే రాని వాళ్ల మధ్య సూటి షాటే పెద్ద షాట్.

స్థానాలు మార్చుకోవద్దు. ఒకేసారి రెండు కొత్తలు ఎవరూ మొయ్యలేరు. టైమవుట్లు ఉంటే దాచుకోకుండా వాడండి. సాధారణంగా గేమ్‌కి రెండు, ఒక్కోటి 30 సెకన్లు. వరసగా రెండు గోల్స్ పడగానే ఒకటి తీసుకుని, చేతి చెమట తుడుచుకోండి. రుమాలు కాదు, చిన్న టవల్ పట్టుకెళ్లండి.

ప్రశ్న: నలభై ఏళ్లుగా కేరమ్ ఆడుతున్నాను. కేరమ్ బోర్డుకి ఒక కొలతంటూ ఉంది: 29 అంగుళాలు. మా మనవడి ఫుట్‌బాల్ టేబుల్ ఆటకి మాత్రం ఊరికో రకం బల్ల ఉంటుందట. ఇదేం ఆటండీ?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: కేరమ్ ఆడేవారు కాబట్టి మీకే బాగా తెలియాలి. కొలత ఒకటే అయినా రెండు బోర్డులు ఒకేలా ఆడతాయా? పౌడర్ ఎక్కువైన కొత్త బోర్డు మీద స్ట్రైకర్ ఎక్కడాగుతుందో దేవుడికే తెలియాలి.

ఈ ఆటకి ఒక్క పుట్టిల్లు లేదు. బ్రిటన్‌లో హెరాల్డ్ థార్న్‌టన్ అనే ఆయన 1920లలో పేటెంట్ తీసుకున్నారు. స్పెయిన్‌లో కథ వేరు. అంతర్యుద్ధంలో మాడ్రిడ్ మీద బాంబులు పడినప్పుడు గాయపడ్డ అలెఖాండ్రో ఫినిస్తెర్రే, ఆసుపత్రిలో తనలాగే దెబ్బలు తిని ఫుట్‌బాల్ ఆడలేకపోతున్న పిల్లల్ని చూసి ఈ బల్ల ఊహించారట. 1937లో బార్సెలోనాలో పేటెంట్ రాయించుకున్నారు. స్పెయిన్ బొమ్మలకి ఇప్పటికీ రెండు కాళ్లు విడివిడిగా ఉంటాయి. మిగతా దేశాల్లో ఎక్కువగా కాళ్లు అతుక్కునే ఉంటాయి. ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా ఎవరి వడ్రంగి వాళ్లదన్నట్టు చేసుకున్నాయి. 2002లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడేనాటికి ఏ దేశమూ తన బల్ల వదులుకోలేనంతగా అలవాటైపోయింది. సమాఖ్య ఒకదాన్ని ఎంచుకునే బదులు కొన్ని రకాలకి గుర్తింపునిచ్చింది. అందుకే ప్రపంచ స్థాయిలో ఆడేవాళ్లకి రెండు మూడు రకాల టేబుళ్లు చేతికి పట్టుబడి ఉండాలి. నాకైతే ఇదే బాగుందనిపిస్తుంది. మీరు ఒప్పుకోరని తెలుసు.

ప్రశ్న: మా ఆఫీసు టేబుల్ రాడ్లు బిగుసుకుపోయాయని ఒక సహోద్యోగి కొబ్బరినూనె రాశాడు. రెండు రోజులు అద్భుతంగా తిరిగాయి. ఇప్పుడు అసలు కదలట్లేదు. ఏం చెయ్యాలి?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నూనెకి దుమ్ము అంటుకుని జిగురయ్యింది. ఏసీ చల్లదనానికి కొబ్బరినూనె గడ్డకట్టి కూడా ఉంటుంది. వంటనూనె, కుట్టుమిషన్ నూనె కూడా వద్దు. పాత బనియన్ గుడ్డతో రాడ్లన్నీ ఈ చివర్నించి ఆ చివరిదాకా తుడవండి. రాడ్ టేబుల్ గోడలోంచి దూరే చోట దూదిపుల్లతో లోపల శుభ్రం చెయ్యండి. ఆరాక సిలికాన్ స్ప్రే రాడ్ మీద కొంచెం కొట్టి, నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి, మిగిలింది తుడిచెయ్యండి. ఆడే చోట మాత్రం ఒక్క చుక్క పడనివ్వద్దు. బంతుల్ని, బొమ్మల కాళ్లని సబ్బునీళ్లతో కడగాలి, నూనె వాటికీ పాకి ఉంటుంది. రెండు గంటల పని. ఆ సహోద్యోగి చేతే చేయించండి.