ముక్త్యాల నుంచి విజయవాడకు కయాక్‌లో: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము నలుగురు స్నేహితులం. భవానీ ద్వీపం చుట్టూ కయాక్ నడపడం మాకు బాగా అలవాటైంది. ఈ చలికాలంలో పులిచింతల దిగువ నుంచి విజయవాడ దాకా కృష్ణ మీద కయాక్‌లలో రావాలని, వీలైతే బ్యారేజి దాటి హంసలదీవి వరకు వెళ్లాలని అనుకుంటున్నాం. ఈ భాగంలో నది నెమ్మదిగానే ఉంటుంది కదా. ఎన్ని రోజులు పడుతుంది, ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

సమాధానం: మీ ఆలోచన చాలా మంచిది. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవారిలో కూడా నదిని వంతెన మీద నుంచో, ఘాట్ మెట్ల మీద నుంచో చూసినవారే ఎక్కువ. నీటి మట్టానికి జానెడు ఎత్తున కూర్చుని, ఊరి తర్వాత ఊరిని రేవు వైపు నుంచి చూస్తూ రావడం మరే ప్రయాణంలోనూ దొరకదు. అయితే నెమ్మదైన నది అని మీరు రాసిన మాట దగ్గర కొంచెం ఆగాలి. వానాకాలం వెళ్లిపోయిన తర్వాత ఈ భాగంలో నీరు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో నిర్ణయించేవి ఎగువన పులిచింతల గేట్లు, దిగువన ప్రకాశం బ్యారేజి గేట్లు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా, విద్యుదుత్పత్తి కోసమో డెల్టా అవసరాల కోసమో పులిచింతల నుంచి నీరు వదిలితే, ఉదయం మీరు చూసిన ఇసుక తిన్నె సాయంత్రానికి కనిపించకపోవచ్చు. అందువల్ల మీ ప్రణాళిక పటం దగ్గర కాకుండా, జలవనరుల శాఖ కార్యాలయంలో నీటి విడుదల గురించి విచారించడంతో మొదలుకావాలి. బయలుదేరే ముందు రోజు, ఆ తర్వాత ప్రతి ఉదయమూ ఆ సమాచారం తెలుసుకోండి. దారిలోని పోలీసు స్టేషన్లకు మీ ప్రయాణ వివరాలు ముందుగా తెలియజేసి, అవసరమైన అనుమతులు తీసుకోండి.

పులిచింతల ఆనకట్టకు మరీ దగ్గరగా పడవ దించవద్దు. జగ్గయ్యపేట వైపు నుంచి రోడ్డు సౌకర్యం ఉన్న ముక్త్యాల మీకు అనువైన రేవు. నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో తొలి దశగా తీసుకున్న ముక్త్యాల–విజయవాడ భాగం పొడవు 82 కిలోమీటర్లు. అలవాటున్నవారు నిలకడ నీటిలో గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోగలరు కాబట్టి, రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున నాలుగు రోజులు పెట్టుకుని, చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోవడం మంచిది. ఎడమ ఒడ్డున వేదాద్రి, కుడి ఒడ్డున గుంటూరు సీమ వైపు అమరావతి, ఆ తర్వాత వైకుంఠపురం వస్తాయి. వైకుంఠపురం దగ్గర కృష్ణ ఉత్తరవాహిని. అప్పటిదాకా పక్క నుంచి తగిలిన ఈశాన్యపు గాలి అక్కడ ముక్కుకు సూటిగా తగులుతుంది కనుక, ఆ మలుపును తెల్లవారాక మొదటి రెండు గంటల్లో దాటేలా ముందు రోజు మజిలీని నిర్ణయించుకోండి.

గాలి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు ప్రవాహానికి భయపడతారు కానీ గాలిని లెక్కలోకి తీసుకోరు. బ్యారేజి వెనుక నీరు నిలిచి ఉండే భాగంలో మిమ్మల్ని ముందుకు తోసే ప్రవాహం దాదాపు ఉండదు. నది మాత్రం చాలా వెడల్పు. పొద్దెక్కి గాలి లేచిందంటే పొట్టి అలలు పుట్టి, తెడ్డు ఎంత వేసినా ఒడ్డున ఉన్న చెట్టు కదలనట్టే కనిపిస్తుంది. అలాంటప్పుడు నది నడుమ పంతానికి పోకుండా గాలి తగలని ఒడ్డు చాటుకు చేరి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకోవాలి. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే అవుతుంది, దానికి తోడు పొగమంచు. మంచు విడి రెండు ఒడ్లూ కనిపించేదాకా పడవ దించకండి. ఆ మసకలో ఇసుక పడవవారికి మీరు కనిపించరు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా తుపానుల కాలం కూడా కనుక, డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఈ ప్రయాణానికి సరైన కాలమని నా అభిప్రాయం.

రాత్రి మజిలీ నది మధ్య లంకల మీద, ఇసుక మేటల మీద పెట్టుకోవాలని ఎవరికైనా మనసు లాగుతుంది. దయచేసి పెట్టుకోవద్దు. పడవలను గట్టు మీదికి ఎత్తి చెట్టుకు కట్టి, మీరు ఊరికి దగ్గరగా, ఊరివారికి చెప్పి పడుకోండి. పడుకునే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. అర్ధరాత్రి లేచినప్పుడు టార్చిలైటు వేసి చూస్తే, పుల్ల నీటిలోకి ఎంత పోయిందో, ఎంత బయట ఉందో దాన్ని బట్టి గేట్ల సంగతి మీకే తెలుస్తుంది.

దారిలో ఎక్కువగా ఎదురయ్యేవి వలలు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, థర్మకోల్ ముక్కలు వరుసగా తేలుతూ కనిపిస్తే వాటి కింద వల ఉన్నట్టే. ఆ వరుసను అడ్డంగా దాటకుండా చివరిదాకా వెళ్లి చుట్టి రావాలి. దగ్గరలో పుట్టిలోనో నాటు పడవలోనో ఎవరైనా ఉంటే, “వల ఎటు పోయింది బాబాయ్?” అని అడిగితే చెయ్యి చూపి దారి చెబుతారు, ముందు ఎక్కడ లోతు తగ్గుతుందో, ఎక్కడ ఇసుక తవ్విన గుంటలున్నాయో కూడా వారే చెబుతారు. ఈ గుంటల వల్ల మోకాలి లోతు నీటిలో దిగి పడవ లాగుతున్న మనిషి మరుసటి అడుగులో నిలువు లోతులో పడవచ్చు. అందుకే పడవ దిగి నడిచేటప్పుడు కూడా లైఫ్ జాకెట్ విప్పరాదు, తెడ్డుతో ముందు నేలను తడుముతూ నడవాలి.

ఇబ్రహీంపట్నం చేరాక నది స్వభావం మారుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రం కృష్ణ నీటిని తోడుకుంటుంది కనుక ఆ తోడే చోటికి దూరంగా ఉండండి. ఫెర్రీ దగ్గర, పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు కలిసే పవిత్ర సంగమం వద్ద, నీరు వస్తున్న రోజుల్లో అడ్డంగా తోసే ప్రవాహం ఉంటుంది. 2017 నవంబరులో అక్కడే యాత్రికుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ప్రయాణికుల్లో చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. ఆ చోటును ఆ గౌరవంతో, ఆ జాగ్రత్తతో దాటండి.

మీ ప్రయాణం భవానీపురం వైపు ఘాట్ల దగ్గరే ముగియాలి. బ్యారేజిని చూస్తూ ఇంకాస్త ముందుకు పోదామనుకోవద్దు. 1957లో పూర్తయిన ఆ కట్టడానికి 70 గేట్లు. అవన్నీ మూసి ఉన్నా రెండు కొసల్లో తూర్పు, పశ్చిమ డెల్టా కాలువలకు నీరు పోతూనే ఉంటుంది. పైకి అద్దంలా కనిపించే నీరు ఆ తూముల వైపు లోపల లాగుతూ ఉంటుంది. ఆ లాగుడుకు చిక్కిన కయాక్‌ను తెడ్డుతో వెనక్కి మళ్లించడం ఎవరి తరమూ కాదు. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పెద్ద పడవలే గేట్ల దగ్గర ఇరుక్కుపోయి అక్కడి కాంక్రీటు దిమ్మెలను దెబ్బతీశాయి.

హంసలదీవి మాట: చలికాలానికి బ్యారేజి దిగువన చాలా చోట్ల ఇసుకే మిగులుతుంది, కయాక్ మిమ్మల్ని మోయడం పోయి మీరే దాన్ని మోయవలసి వస్తుంది. నీరున్న వరద రోజుల్లో దిగడం ప్రాణాంతకం. ఆ ఆలోచన మానుకోండి.

ప్రశ్న: మా వారూ, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయీ కయాక్‌లో అమరావతి నుంచి విజయవాడకు వస్తామంటున్నారు. అమ్మాయికి ఈత అంతంత మాత్రమే. నాకు మనసొప్పడం లేదు. వద్దనాలా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ భయం సబబైనదే, కానీ ఇప్పుడే వద్దనవలసిన అవసరం లేదు. అమ్మాయి ముందుగా ఈతకొలనులో, లైఫ్ జాకెట్ లేకుండా రెండు వందల మీటర్లు ఆయాసపడకుండా ఈదగలిగేదాకా నేర్చుకోవాలి. అది కుదిరే వరకు నది ప్రయాణం వాయిదా వేయమనండి; రెండు మూడు నెలల శ్రద్ధతో సాధ్యమయ్యే పనే.

ఆ తర్వాత మీ కళ్ల ముందే, నిలకడైన నీటిలో, శిక్షకుడి సమక్షంలో ఒక పరీక్ష పెట్టించండి. కావాలని కయాక్‌ను బోల్తా కొట్టించాలి. బోల్తాపడిన మనిషి మొదట చేయవలసింది పడవను వదలకుండా పట్టుకోవడం. తర్వాత దాన్ని మళ్లీ వెల్లకిలా తిప్పి, పక్కన నీటిపై బోర్లా తేలుతూ, కాళ్లు బలంగా ఆడిస్తూ పొట్ట పడవ మీదికి వచ్చేలా ఒక్క ఊపున ఎక్కాలి. అప్పుడు మెల్లగా పొర్లి ముందు పిరుదులను సీటులో ఆనించి, ఆఖరున కాళ్లను లోపలికి తీసుకోవాలి. తొందరపడి ముందే నిటారుగా లేచి కూర్చోబోతే పడవ మళ్లీ తిరగబడుతుంది. తండ్రీ కూతుళ్లిద్దరూ ఎవరి సాయమూ లేకుండా దీన్ని వరుసగా కొన్నిసార్లు చేసి చూపితే మీకు కూడా ధైర్యం కలుగుతుంది. ఈ పద్ధతికి కాళ్లు లోపల ఇరుక్కోని, పైన కూర్చునే రకం కయాక్ అనుకూలం.

లైఫ్ జాకెట్‌ను మీరే పరీక్షించండి. బకిల్స్ అన్నీ బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే, అది చెవుల దాకా జారకూడదు. జారితే అమ్మాయికి ఆ సైజు పెద్దది. పెద్దవారివి సర్దుబాటు చేసి వాడడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. వారిద్దరే కాకుండా అనుభవమున్న మూడో వ్యక్తి వేరే కయాక్‌లో వెంట ఉండాలి, ఫోన్లు నీరు చొరని సంచిలో పెట్టి ఒంటికి కట్టుకోవాలి. వారు ఫలానా గంటకు ఫలానా రేవులో ఉంటామని మీకు రాసి ఇవ్వాలి. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అదే కాగితంలో ఉండాలి.

ప్రశ్న: నది కంటే కాలువ క్షేమం కదా? సీతానగరం నుంచి కొమ్మమూరు కాలువలో దిగి కయాక్‌లో వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, తాడేపల్లి

సమాధానం: ఒకప్పుడు డెల్టా కాలువలు సాగుకే కాక పడవ ప్రయాణానికీ పనికొచ్చాయి, దుగ్గిరాల లాకులు ఆ కాలానికి గుర్తు. అయినా ఇప్పుడు నేను వద్దనే చెబుతాను. నీరు వదిలిన రోజుల్లో కాలువ ప్రవాహం నిలిచిన నది కంటే వేగం. గట్లు నిటారుగా ఉన్నచోట పట్టుకుని ఎక్కడానికి ఆధారం దొరకదు. లాకుల దగ్గర, కాలువ మట్టం ఒక్కసారిగా కిందికి దిగే డ్రాపుల దగ్గర నీరు పైనుంచి దూకి అడుగున గిరగిరా తిరుగుతుంది. అందులో పడిన వస్తువును అది పైకి తెచ్చి మళ్లీ లోపలికే లాక్కుపోతుంది. దీనికి తోడు గుర్రపుడెక్క పేరుకున్నచోట తెడ్డు ఆడదు, వంతెనల కింద చాలా చోట్ల తల వంచినా దారి చాలదు. మీరు తాడేపల్లిలోనే ఉన్నారు కనుక, పైన మొదటి పాఠకుడికి రాసిన జాగ్రత్తలతో, బ్యారేజికి బాగా ఎగువన నది కుడి ఒడ్డు వెంబడే ఉదయం పూట సాధన చేయండి.