గీరుకున్న చోటే సోరియాసిస్ లేస్తోంది, ఎందుకు?

అక్కా, పత్తి ఏరేటప్పుడు ఎండిన కాయ మొనలు గీరుకున్న చోటే రెండు వారాలకు పొట్టు రాలే మచ్చలు లేస్తున్నాయనీ, పిల్లలకు అంటుతుందేమోననీ అడిగారు. అంటదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా అంటదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

నాకు పదకొండేళ్లుగా సోరియాసిస్ ఉంది. మాది నల్గొండ దగ్గర బత్తాయి తోట. బత్తాయి కొమ్మలకు ముళ్లుంటాయి కదా, ఒకసారి కాయలు కోస్తుంటే మోచేతి కింద జానెడు గీత పడింది. పసుపు అద్దాను, నాలుగైదు రోజుల్లో మానిపోయింది. మరో రెండు వారాలకు సరిగ్గా ఆ గీత మీదే ఎర్రగా లేచి, పైన తెల్లటి పొట్టు కట్టింది. స్కేలు పెట్టి గీసినట్టే ఉంది. ముల్లు లోపల విరిగిందని నేను, ఏదో పురుగు పాకిందని మా అమ్మ.

స్కిన్ డాక్టర్ మాత్రం చెయ్యి చూడగానే "ఏం గీరింది?" అన్నారు. దీన్ని కోబ్నర్ లక్షణం అంటారట. 1870లలో కోబ్నర్ అనే జర్మన్ డాక్టర్, గుర్రం కరిచిన చోట, పచ్చబొట్టు పొడిపించుకున్న చోట సోరియాసిస్ లేవడం గమనించి రాశాడు. గాయం మాన్పడానికి వచ్చే రక్షణ కణాలు మనలాంటి వాళ్లలో అక్కడితో ఆగవు. మామూలుగా నెల పట్టే కొత్త చర్మం నాలుగైదు రోజుల్లోనే తోసుకొచ్చి పొట్టుగా పేరుకుంటుంది. గాయానికీ మచ్చకూ మధ్య సాధారణంగా 10 నుంచి 20 రోజుల తేడా. సోరియాసిస్ ఉన్న అందరికీ ఇలా కాదు, నలుగురిలో ఒకరికి అనుకోండి. జబ్బు రేగి ఉన్నప్పుడు ఎక్కువ.

ముల్లే కానక్కర్లేదు. నాకు మొలతాడు ఒరుసుకునే చోట కూడా వచ్చింది. పొట్టు పోవాలని పీచుతో గట్టిగా రుద్దేవాణ్ణి, అది నా చేతులారా చేసుకున్నదే. ఎవరో చెప్పారని జిల్లేడు పాలు పూస్తే బొబ్బలెక్కి మచ్చ రెట్టింపైంది. ఊళ్లో ఇచ్చిన స్టెరాయిడ్ బిళ్లలకు వారంలో మాయమై, మానేయగానే ఒళ్లంతా రేగింది. ఆ బిళ్లల జోలికి మాత్రం పోకండి.

ఏరడానికి పోయేటప్పుడు చీర మీద ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు కదా, గుండీలు మణికట్టు దాకా పెట్టండి. గీరుకుంటే సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి వాజెలిన్ రాసి గుడ్డ కట్టండి. స్నానం కాగానే ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె రాయండి. దురద పుడితే గోకకుండా తడిగుడ్డ వేయండి. ముక్కు కుట్టించుకోవాలన్నా, ఆపరేషన్ అన్నా ముందే డాక్టర్‌కు చెప్పాలి. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోతుంటే అదీ చెప్పండి, కొందరిలో ఈ జబ్బు కీళ్లకూ పాకుతుంది.

ఈసారి గీరుకున్న రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. మచ్చ లేచాక ఇంకోటి. నా రెండు ఫొటోలు పక్కపక్కన చూశాకే మా అమ్మ పురుగు మాట మానేసింది.