స్పీచ్ బాగుంది సరే, జనం నమ్మారా?

ప్రశ్న: సార్, 2009 సెప్టెంబర్ 9న ఒబామా హెల్త్‌కేర్ మీద అమెరికా కాంగ్రెస్‌లో ఇచ్చిన స్పీచ్ గురించి ఏయూలో సెమినార్ పేపర్ రాస్తున్నాను. జనం కన్విన్స్ అయ్యారో లేదో ఎలా తేల్చాలి?
– ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు చప్పట్లు పక్కన పెట్టమ్మా. స్పీచ్ అవ్వగానే టీవీ వాళ్లు చేసే పోల్స్ కూడా పెద్దగా నమ్మకు, ఎందుకంటే కూర్చుని మొత్తం చూసేవాళ్లలో ఆ నాయకుడి పార్టీ వాళ్లే ఎక్కువుంటారు, ఆర్కే బీచ్‌లో మీటింగ్‌కి వచ్చినవాళ్లని అడిగేసి విశాఖ అంతా ఇదే మాట అంటే ఎలా? ఒకే సర్వే సంస్థ అదే ప్రశ్నని స్పీచ్‌కి ముందు, మళ్లీ కొన్ని వారాలయ్యాక అడిగి ఉంటే ఆ తేడా చూడు.

ఇక స్పీచ్ సంగతి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి ఒక మాట, లేనివాళ్లకి ఒక మాట విడివిడిగా చెప్పాడు, అది గట్టి పాయింటే. అక్రమ వలసదారులకి తన హెల్త్‌కేర్ ప్లాన్ వర్తించదు అని ఒబామా అనగానే జో విల్సన్ అనే సభ్యుడు అబద్ధం అని అరిచాడు, తర్వాత వార్తల్లో చాలామటుకు ఆ గోలే (సగం స్పీచ్ అక్కడే కొట్టుకుపోయిందని నాకనిపిస్తుంది). 2010 మార్చిలో ప్రతినిధుల సభలో ఆ హెల్త్‌కేర్ బిల్లు 219-212తో గట్టెక్కింది కదా అని రాసేవు, అవి సభ్యుల ఓట్లు, జనం మనసు మారిందనడానికి లెక్కలోకి రావు.