కరెంటు పెంచితే పెరిగేది వేగమే, దిశ చేతికి రాదు

లోహం మీద ఉంచిన ఒకే ఒక్క అణువును కరెంటుతో మోటారులా తిప్పే మీ ప్రయోగం గురించి "కరెంటు పెంచినకొద్దీ అణువు జోరుగా తిరుగుతోంది గానీ ఒకే దిక్కుకు తిరగడం లేదు" అన్నారు. అలాగే ఉంటుందండీ. టన్నెలింగ్ మైక్రోస్కోప్ (సన్నటి సూదిమొనతో ఉపరితలం మీది అణువులను చూపే పరికరం) మొన నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు అణువులోని బంధాలను కంపింపజేస్తాయి. ఆ శక్తితో అణువు కొంచెం తిరిగి పక్క స్థానానికి దూకుతుంది. కరెంటు పెంచితే ఎక్కువసార్లు దూకుతుంది, అంతే. దిశ రావాలంటే అసౌష్ఠవం, అంటే రెండు వైపులా ఒకేలా లేకపోవడం, కావాలి. 2011లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు రాగి మీద బ్యూటైల్ మిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు అణువును తిప్పినప్పుడు కూడా ఒకవైపు మొగ్గు కొద్ది శాతమే. అదీ అణువు కుడి-ఎడమ రూపాన్నీ (ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రూపాల్లో ఏదన్నదాన్నీ), మొన ఆకారాన్నీ బట్టి. కాబట్టి రెండు రూపాల లెక్కలూ కలిపేయకండి, ఉన్న మొగ్గు కూడా కనిపించకుండా పోవచ్చు. మొన మారిందా, కొలతలు మళ్లీ మొదటికే. అన్నిటికన్నా ముందు ఉష్ణోగ్రత చూసుకోండి: వాళ్లు 5 కెల్విన్ (దాదాపు మైనస్ 268 డిగ్రీల సెల్సియస్) దగ్గర చేశారు. బాగా వేడెక్కితే కరెంటు లేకున్నా అది తిరుగుతూనే ఉంటుంది.