ఎనిమిది వారాల కోడిపిల్లల్లో పుంజేదో పెట్టేదో ఎలా తెలుస్తుంది?

పెరట్లో ఆరు పిల్లలున్నాయి, ఎనిమిది వారాలు నిండాయి, ఏవి పుంజులో ఇప్పుడే తెలియాలి అని ఫొటో పెట్టి అడిగారు కదా. నా మాట వినండి, ఇంకో నెల ఆగండి. తొందరపడి నేను చేసిన పని చెప్తాను.

నా మొదటి జట్టులో ఒక ఎర్ర పిల్ల ఉండేది. మేత గిన్నె దగ్గరికి అందరికన్నా ముందు అదే రావాలి, మిగతావాటిని ఛాతీతో నెట్టేసేది, నా చెప్పుల మీదికి కూడా పోట్లాటకొచ్చేది. అయిదో వారానికే పుంజని ముద్ర వేసేశాను. ఇంట్లో ఇంకో పుంజు వద్దన్నారని దాన్ని ఒక స్నేహితుడికి ఇచ్చేశాను. ఎప్పుడూ మూలన ఒదిగి ఉండే బూడిద రంగు దాన్నేమో పెట్ట అనుకుని ముద్దుగా చూసుకున్నాను. పదమూడో వారంలో ఒకరోజు తెల్లారకముందే గూట్లోంచి తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఒక చప్పుడు. గొంతులో ఏదో ఇరుక్కుందేమోనని టెన్షన్ పడి, బూడిద దాన్ని ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి, టార్చి వేసి మరీ చూశాను. ఏమీ లేదు. మర్నాడు అదే వేళకి మెడ సాచి, రెక్కలు టపటపలాడించి మళ్లీ అదే చప్పుడు, ఈసారి చివర్లో "రోకో" కూడా వినిపించింది. రెండు నెలల తర్వాత స్నేహితుడు ఫోన్ చేసి, "నువ్విచ్చిన పుంజు గుడ్డు పెట్టిందిరా" అన్నాడు. ఇప్పటికీ కలిసినప్పుడల్లా అదే మాట.

అంటే పొగరు చూసి చెప్పకూడదు. తురాయి, గడ్డం కింద వేలాడే తోలు ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే ఎర్రబడి పెద్దవైతే పుంజని అనుమానించొచ్చు, పెట్టలకి అవి సాధారణంగా గుడ్డు పెట్టే రోజులు దగ్గరపడ్డాకే ఎర్రబడతాయి. కాళ్లు లావుగా ఉండటం కూడా ఒక సూచనే, కానీ జాతిని బట్టి మారిపోతుంది. నేను నమ్మేది ఒక్కటే, నడుము మీద తోక మొదట్లో ఉండే ఈకలు. దాదాపు మూడు నెలలకి అక్కడ సన్నగా, పొడుగ్గా, మొన తేలిన మెరిసే ఈకలు వస్తే పుంజు. గుండ్రంగా ఉంటే పెట్ట. సిల్కీ లాంటి జాతుల్లో ఈకలే దూదిలా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ కిటుకు పారదు.

ఇక గుడ్డు మొన చూసి పుంజా పెట్టా అని చెప్పేవాళ్లున్నారే, వాళ్లతో వాదించి అలిసిపోయాను. అది తల్లి కోడి ఇచ్చే క్రోమోజోమ్‌తోనే తేలిపోతుంది, గుడ్డు ఆకారానికీ దానికీ సంబంధం లేదు. ఒక్కరోజు వయసు పిల్లల్ని తిరగేసి వెనక నొక్కి చూసే విద్య నిజమే, 1930ల నాటికే జపాన్ వాళ్లు దాన్ని గట్టిగా నేర్చేసుకున్నారు, కానీ శిక్షణ లేకుండా మనం నొక్కితే పిల్లకి దెబ్బ తగులుతుంది. "అన్నీ పెట్టలేనండీ" అని అమ్మేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? నాకు అలా వచ్చిన నాలుగింట్లో మూడు కూశాయి.

అన్నట్టు, మీ ఫొటోలో వెనక నిలబడ్డ నల్లది మాత్రం పుంజే. నెల ఆగమని చెప్పింది నేనే, కానీ ఆ తురాయి చూశాక నోరు ఊరుకోవట్లేదు.